కొండచిలువ పట్టుకు చెడుగుడు కూత

మొన్న ఆదివారం మా చెల్లెలి కొడుకు స్నేహితులతో పాచికల కథల ఆట ఆడుతూ, రాక్షసుడు వీరుణ్ణి వాటేసుకుంటే ఏం చేయాలో ఫోనులో వెతికి చదివాడు: ఇద్దరూ పాచిక వేయాలట, బలం కలపాలట, ఎక్కువ వచ్చినవాడిదే పట్టు. ముప్పై ఏళ్లుగా నేను చూడాలనుకుంటున్న పుట అది. ఇంతేనా అనిపించింది.

మంథనిలో నేను కొత్తగా బడిపంతులుగా చేరిన రోజుల్లో, మా మేనత్త కొడుకు, అంటే మా బావ, ఆ ఆట నియమాల జిరాక్సు కట్ట ఒకటి పట్నం నుంచి తెచ్చాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే చిన్నమ్మ ఇంట్లో నేను కథ నడిపేవాణ్ణి, బావ వీరుడయ్యేవాడు. ఆ వీరుడు ఏడు తలల ఎలుగుబంటిని కూడా చంపాడు, కావాలంటే బావనే అడగండి.

అంతలో బావకు ఖానాపూర్ బదిలీ అయింది. వీరుడు బతికుంటే ఆదివారాలు వస్తాను, చస్తే ఇంక దేనికి రావడం అన్నాడు. సరిగ్గా ఆ పూటే నా పాచిక ఆ వీరుణ్ణి కొండచిలువ చుట్టల్లో పడేసింది. కట్ట విప్పితే పట్టుల పుట లేదు. మామూలు దెబ్బల లెక్కన ఇంకొక్క చుట్టుకు వీరుడు హతం. నేను ఆ పుట చూస్తున్నట్టే, చర్చిలో బైబిలు వాక్యం చదువుతున్నంత గంభీరంగా, చిక్కినవాడు ఒకే ఊపిరిలో చెడుగుడు కూత పెట్టాలని, కూత తెగేలోపు ఆరు పడితే పట్టు వీడుతుందని అప్పజెప్పాను.

బావవి బీడీ ఊపిరితిత్తులు. నాలుగో పాచికకే గొంతు సన్నబడింది. గడపలో బియ్యం చెరుగుతున్న చిన్నమ్మ, చర్చిలో పాటలెత్తే గొంతు కదా, కూత తెగనీయకుండా అందుకుంది. తొమ్మిదో పాచికకు ఆరు పడింది.

"ఒకల కూత ఇంకొకలు అందుకోవచ్చునా, బామ్మర్దీ?" అన్నాడు బావ.

"గా పుటల్నే ఉన్నది బావా, కింద, సన్నక్షరాలల్ల."

"నేను సుత జూసిన," అంది చిన్నమ్మ, చాట మీంచి తలెత్తకుండా.

బావ ఏళ్ల తరబడి ఖానాపూర్ బస్సు దిగుతూనే ఉన్నాడు. మొన్న ఫోనులో ఆ నియమం చూశాక, ఇక దాచలేక నా అబద్ధం బావ దగ్గర ఒప్పుకున్నాను.

"నాకెర్కలేదా? గా పుట ముందుగాలనే పొయ్యిల వెట్టి బీడీ ముట్టిచ్చుకున్నదే నేను."

ఇప్పుడు పిల్లల ఫోన్లలో అన్ని పుటలూ ఉన్నాయి, ఒక్కటీ కాలదు, మంచిదే. నాలాంటివాడు దూరడానికి మాత్రం ఒక్క పుటంత సందు కూడా మిగల్లేదు.