పగిలింది అతుకు కాదు

నా ఉద్యోగమేమిటో మా నాన్నకు చెప్పడానికి నాకు వచ్చిన మూడు భాషలూ చాలలేదు. మేముండేది భిలాయ్‌లో, వైశాలి నగర్‌లో. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, చదువు ఇంగ్లిషు. ఉతై వెళ్లే దారిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అక్కడి ల్యాబులో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరిన కొత్తలో ఆయన భోజనం దగ్గర అడిగారు.

“అక్కడ ఏటి చేస్తావే నువ్వు?”

“సిరామిక్ ముక్కల్ని లోహంతో అతుకుతాం నాన్నా.”

“సిరామిక్ అంటే? కప్పులూ సాసర్లూనా?”

కాదన్నాను. జిర్కోనియం, బోరాన్ కలిసిన బూడిదరంగు పదార్థం అది. స్టీలు నీరైపోయే వేడికి దాదాపు రెట్టింపు వేడిలో కూడా కరగదు. గాలిని చీల్చుకుంటూ విపరీతమైన వేగంతో పోయే వాహనాల ముక్కుకు ఇలాంటిదే కావాలి. కానీ ఆ ముక్కు ఒక్కటే నిలబడదు కదా, వెనక ఏదో ఒక లోహాన్ని పట్టుకుని ఉండాలి. ఆ పట్టు తయారుచేయడం మా పని. వెండి, రాగి కలిసిన పల్చటి రేకును సిరామిక్‌కూ స్టీలుకూ మధ్య పెట్టి, గాలంతా తోడేసిన కొలిమిలో వేడిచేస్తాం. రేకు మాత్రమే కరిగి రెండువైపులా అంటుకుంటుంది.

“అంటే బ్రేజింగే కదా. మేం ఇత్తడి రాడ్డుతో చేసినదే,” అన్నారు నాన్న, తెలిసిన చుట్టం కనిపించినట్టు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయారు. “ఆ రేకు ఎంత వేడికి కరుగుతాది?”

“తొమ్మిది వందల డిగ్రీల లోపే.”

“మరి మూడువేలు తట్టుకున్న దానికి తొమ్మిది వందలకే కరిగిపోయిన అతుకేటే? ముందు అతుకే ఊడిపోదేటి?”

ఇన్నేళ్లూ చదివిన చదువులో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. మర్నాడు మా సార్‌ని అడిగాను. ప్రాజెక్టు మొత్తం ఆయనదే. ఆయన నవ్వి, అతుకు వెనకభాగంలో ఉంటుందనీ, అక్కడికి అంత వేడి రాదనీ చెప్పారు. నిజమే అనిపించింది. తీరా బస్సెక్కాక గుర్తొచ్చింది, ఈ సిరామిక్ వేడిని చకచకా వెనక్కి పంపిస్తుందని నేనే ఎక్కడో చదివాను. మరి వెనక్కి రాకుండా ఎలా ఉంటుంది?

ల్యాబులో కొలిమి చూసుకునే టెక్నీషియన్ దీదీకి ఈ సంగతి చెప్పాను. ఆవిడది పక్కనున్న చరోదా, రైల్వే కుటుంబం. తెలుగులో మొదలుపెట్టిన మాటను హిందీలో ముగించే మనిషి. “అది డిజైన్ చేసినోళ్ల తలనొప్పి అమ్మాయ్,” అంది. “మనకి అతకడమే ఇంకా రాలేదు, పైగా ఆలోచన కూడానా?”

అతకడం రాలేదన్నది అక్షరాలా నిజం. మొదటిసారి కొలిమి తెరిచినప్పుడు, రేకు కరిగి సిరామిక్ మీద గుండ్రటి పూసలుగా నిలబడిపోయి ఉంది. వేలితో తోస్తే జారిపోయాయి. లోహం సిరామిక్‌ని తడపలేదంటాం మేము. తర్వాత కాస్త టైటానియం కలిసిన రేకు తెప్పించాం. ఆ టైటానియం సిరామిక్‌తో కలబడి అక్కడ కొత్త పొర కడుతుంది. దాంతో మిగతా లోహం కూడా పరుచుకుంటుంది. ఆసారి ముక్క చెయ్యి నొప్పెట్టేలా లాగినా ఊడలేదు. దీదీ శిలువ గుర్తు వేసుకుంది. నేను దాన్ని బల్లమీద పెట్టాను. సార్, దీదీ, నేను ముగ్గురం పక్కనే కూర్చుని టిఫిన్ డబ్బాలు తెరిచాం.

సగం తిన్నామో లేదో, ‘టిక్’ మని చప్పుడు. ఎవరూ ముట్టుకోలేదు. ముక్క తనంతట తానే రెండైంది.

నేను పరుగెత్తి చూశాను. అతుకు అలాగే ఉంది. దానికి వెంట్రుకంత దూరంలో, సిరామిక్ లోపల పగిలింది. స్టీలుకు పల్చగా సిరామిక్ పొర ఇంకా అంటుకునే ఉంది. సార్ మాత్రం సంబరపడిపోయారు. “జాయింట్ తో నహీ టూటా!” అన్నారు. అతుకు పగల్లేదు, సిరామిక్ పగిలింది, అంటే అతుకు గట్టిదని ఆయన లెక్క. చేతిలో రెండు ముక్కలు పట్టుకుని నిలబడ్డాను. నెగ్గామో ఓడామో తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో నాన్న, “అతికిందా?” అన్నారు.

“అతికింది.”

“మరి మొహం అలగుందేటి?”

“పగిలింది.”

“అయితే అతకలేదు.”

“అతికింది నాన్నా, అతుకు బాగానే ఉంది. పక్కన పగిలింది.”

ఆయన నావైపు జాలిగా చూశారు. అమ్మ వంటింట్లోంచి “ఇద్దరూ ఒకటే మాట చెప్పండి,” అని కేకేసింది.

పగలడానికి కారణం మాకు తెలుసు, లేదా తెలుసనుకున్నాం. చల్లారేటప్పుడు స్టీలు ఎక్కువ కుంచించుకుపోతుంది, సిరామిక్ తక్కువ. అతుక్కుని ఉన్నాయి కాబట్టి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆ లాగుడుకు సిరామిక్ ఓర్చుకోలేదు. ఇది చెప్పగానే నాన్న ముఖం వెలిగింది. “మీరు తొందరపడతన్నారు. పోతినుం అతికినప్పుడు మేం బూడిదలో కప్పెట్టీవోళ్లం. మెల్లిగా చల్లారాల. బేగి చల్లారితే ఠప్పుమంటాది.”

సార్‌తో చెబితే ఆయనా సరేనన్నారు. కొలిమి ఎంత నెమ్మదిగా చల్లారగలదో అంత నెమ్మదిగా చల్లార్చాం. తెరిచేసరికి ముక్క లోపలే పగిలి ఉంది. నాన్నకు చెప్పాలా వద్దా అని చాలా తటపటాయించాను. చెప్పాక ఆయన చొక్కా గుండీ ఒకటి విప్పుతూ, మళ్లీ పెట్టుకుంటూ కూర్చున్నారు. తర్వాత, “నన్నొకసారి తీస్కెళ్లు. చూస్తే గాని నాకు తెల్దు,” అన్నారు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. సార్ ఆయన్ని అంకుల్ అని పిలిచి కుర్చీ వేశారు గానీ నాన్న కూర్చోలేదు. కొలిమి తలుపుకున్న చిన్న అద్దంలోంచి వంగి చూశారు. లోపల నారింజరంగు వెలుగు తప్ప ఏమీ కదలడం లేదు.

“మంటేదే?”

“మంట ఉండదు నాన్నా.”

“తుప్పు పట్టకుండా వెలిగారం చల్లరేటి?”

“అక్కర్లేదు. లోపల గాలే లేదుగా, తుప్పు పట్టదు.”

“అయితే ఎవురు అతుకుతన్నారు?”

నేను దీదీవైపు చూశాను, దీదీ గాలి తోడే పంపువైపు చూసింది. నాన్న చేతులు వెనక్కి కట్టుకున్నారు. జీవితమంతా చేతిలో టార్చి పట్టుకుని అతుకు ఎలా కడుతోందో కళ్లారా చూస్తూ పనిచేసిన మనిషి. ఇక్కడ తలుపు మూసేశాక మేమెవరం చేయగలిగిందేమీ లేదు.

ఆరోజు కొలిమిలో ఉన్నవి మూడు ముక్కలు. మూడింటిలోనూ స్టీలుకూ సిరామిక్‌కూ నడుమ మెత్తటి రాగి రేకు అదనంగా పెట్టాం. లాగుడంతా ఆ రాగి సాగి తీసుకుంటుందని సార్ ఆశ. మర్నాడు తెరిచేటప్పుడు ఎవరూ పిలవకుండానే నాన్న మళ్లీ వచ్చారు. ఒకటి కత్తితో కోసినట్టు పగిలింది. ఇంకోదాని మూల లేచిపోయింది. మూడోది నిక్షేపంగా ఉంది. నాన్న దాన్ని గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. “ఇది బాగుంది,” అన్నారు మెల్లిగా.

“రాగి వల్ల,” అన్నారు సార్.

“మిగతా రెండిట్లోనూ రాగి ఉంది కదా సార్?” అన్నాను.

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత అవే రేకులతో, అదే పద్ధతిలో మళ్లీ మళ్లీ చేశాం. ఒకసారి అన్నీ నిలిచేవి, ఒకసారి ఒక్కటీ నిలిచేది కాదు. ఒకరోజు సార్ సిరామిక్ నునుపు సరిపోలేదనేవారు, ఇంకోరోజు నునుపు ఎక్కువైందనేవారు. పైన పెట్టిన బరువన్నారు, వానాకాలపు చెమ్మ అన్నారు. విన్నప్పుడు ప్రతి మాటా సబబుగానే ఉండేది. కొన్నాళ్లకు నా చేతుల మీదే నాకు అనుమానం వచ్చి, ముక్కలు పేర్చే పని దీదీకి ఇచ్చాను. ఆవిడ పేర్చినవి మొదట నిలిచాయి, తర్వాత పగిలాయి. “చలో, నేను కూడా పాస్ కాలేదు,” అని నవ్వింది.

చివరికి సార్, మొదట నిలిచిన ఆ ముక్కనే కోసి లోపల చూడాలన్నారు. అది ఎందుకు నిలిచిందో తెలిస్తే అన్నీ తెలుస్తాయి. కానీ కోస్తే అది ఉండదు. “నువ్వే తేల్చు,” అని నాకు వదిలేశారు. ఇంట్లో చెబితే నాన్న కంచం ముందునుంచి లేచిపోయారు.

“బాగున్నదాన్ని కోస్తారేటి? పగిలినవి అన్ని ఉన్నాయి కదా, అవి కోసుకోండి!”

“అవెందుకు పగిలాయో తెలుసు నాన్నా. ఇది ఎందుకు పగల్లేదో తెలీదు.”

“తెలీకపోతే ఏటైపోతాది?”

అయినా కోశాం. వజ్రపు పొడి అద్దిన చక్రం చాలా నెమ్మదిగా కోస్తుంది. అది కోస్తున్నంతసేపూ నేను బయట వరండాలో నిలబడ్డాను. నునుపు చేసి మైక్రోస్కోపు కింద పెడితే, సిరామిక్‌లో సన్నటి గీత ఒకటి కనిపించింది. మిగతావాటిలో పగులు ఎక్కడ మొదలైందో ఇదీ అక్కడే మొదలై, కొంతదూరం వచ్చి, అతుకులో ఉన్న చిన్న బొక్క దగ్గర ఆగిపోయింది. ఆ బొక్క ఉండకూడనిది. రేకు సరిగా కరగని చోట మిగిలిన లోపం.

ఫోటో తీసి ఇంటికి తెచ్చాను. నాన్న ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నారు.

“ఈ గీత ముందే ఉందా, మీరు కోస్తే వొచ్చిందా?”

సార్‌ని అడిగాను. ఏదైనా కావచ్చన్నారు. అంటే ఆ ముక్క నిజంగా మంచిదో, పగలడానికి సిద్ధంగా ఉన్నదో, లోపమే దాన్ని కాపాడిందో, మా చక్రమే దాన్ని పాడుచేసిందో, మాకిక ఎప్పటికీ తెలియదు. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. నాన్న పక్కన కూర్చుని, ప్లాంటులో గ్యాస్ పైపులకు తాను వేసిన అతుకుల గురించి చెప్పారు. తనిఖీవాళ్లు ఎక్స్‌రే తీసి బాగుందనేవారట. “ఆళ్లు బాగుందంటే నానూ బాగుందనుకునీవోణ్ని. లోపలేటుందో నాకేటి తెలుసు?” అన్నారు. ఓదార్చడానికి అన్నారో, ఆయనకే అప్పుడు భయం వేసిందో నాకు అర్థం కాలేదు.

కొన్ని నెలలకు సార్ స్టీలు మానేసి నియోబియం అనే లోహం తెప్పించారు. వేడికి అది సాగే తీరు సిరామిక్‌కు చాలా దగ్గర. దాంతో చేసిన ముక్కలు చాలావరకు నిలిచాయి. వాటిని పరీక్షకు పంపించాం. బాగున్నాయని కబురొచ్చింది. దీదీ అందరికీ జిలేబీలు తెచ్చింది. సార్ భుజం తట్టారు. నేనూ నవ్వాను. లోహం మారడం వల్ల నిలిచాయో, అప్పటికి మా ముగ్గురికీ చెయ్యి తిరగడం వల్ల నిలిచాయో అడగాలనుకున్నాను గానీ, జిలేబీలు తింటుండగా అడగబుద్ధి కాలేదు.

ఇప్పుడు నాన్న పార్కులో తోటి రిటైర్డు వాళ్లతో, “మా పాప గాజుని ఇనుముతో అతుకుతాది, మంట లేకండానే,” అని చెబుతున్నారు. అది గాజు కాదు, ఇప్పుడు ఇనుమూ లేదు. మొదట్లో సరిదిద్దేదాన్ని. ఈమధ్య పక్కనే నిలబడి వింటున్నాను.