హాపూర్ వెళ్లిన నీళ్ల ట్యాంకు

ఎనభైల మొదట్లో ఢిల్లీలో ఎం.టెక్. చదివేటప్పుడు నా ప్రాజెక్టు ఒక నీళ్ల ట్యాంకు. ట్యాంకుతో కంటే దాన్ని మోసే కాళ్లతోనే నాకు ఎక్కువ పని. యమునకు అవతల కొత్త కాలనీలు లేస్తున్న కాలం అది. ఎత్తయిన స్తంభాలు, వాటిని మధ్యమధ్యలో కలుపుతూ అడ్డదూలాలు, పైన నీళ్లు నిండిన కాంక్రీటు గిన్నె. పడమటి గాలి గట్టిగా కొడితే ఆ గిన్నె ఎంత పక్కకు జరుగుతుందో చెప్పాలి.

వినడానికి ఇంతే. కానీ స్తంభమూ దూలమూ కలిసే ప్రతి చోటా కొన్ని సమీకరణాలు పుడతాయి. ఒక చోటు కదిలితే పక్క చోటూ కదులుతుంది కాబట్టి దేన్నీ విడిగా సాధించలేం. అన్నిటినీ వరసలుగా పేర్చి, అందులోని అంకెలతో ఒక పెద్ద చదరం చేసి, జవాబులన్నీ కలిపి రాబట్టాలి. ఆ చదరాన్నే మాత్రిక అంటారు. చిన్నదైతే కాగితం మీద తెలియని రాశుల్ని ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ పోయి, చివర మిగిలినదాన్ని పట్టుకోవచ్చు. ట్యాంకు మొత్తాన్ని కాకుండా, దాని ఒక్క పక్కను మాత్రమే బొమ్మగా గీసుకుని నేను అలాగే చేశాను. చలికాలమంతా దానికే పోయింది. ఎక్కడో ఒక మైనస్ గుర్తు జారిపోయి ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ ఎన్నిసార్లు మొదటికి వచ్చానో.

హాస్టల్లో నా గదిలోనే ఉండే అమ్మాయిది వరంగల్. గణితంలో రిసెర్చి చేసేది. మంచం నిండా పరిచిన నా కాగితాలను ఒకరోజు కాలితో పక్కకు తోసి కూర్చుంది.

"ఏందే, ఇంకా చేత్తోనే చేస్తున్నవా? కంప్యూటర్ సెంటర్ల రొటీన్ ఉన్నది గదా."

"అదేమిటి?"

"ఎవరో ముందే రాసి పెట్టిన ప్రోగ్రామ్. నీ మాత్రిక ఇయ్యి, అదెంత పెద్దదో చెప్పు, కుడిపక్క నీ గాలి బరువులు ఇయ్యి. జవాబులు అదే ఇస్తది. లోపల ఏం జేస్తదో నువ్వు చూసే పనే లేదు."

"తప్పు చేస్తేనో?"

"నువ్వు చేసినన్ని చెయ్యదులే."

నా గైడు పంజాబీ పెద్దాయన. రిటైర్మెంటు దగ్గర పడినా జేబులో లెక్కలు కట్టే స్లైడ్ రూల్ లేకుండా గది దాటేవారు కారు. కంప్యూటర్ మీద చేస్తానంటే కాదనలేదు.

"కరో బేటీ. కానీ మిషన్ చెప్పింది కాబట్టి నిజమేనని మాత్రం నా దగ్గరికి రావద్దు," అన్నారు. బోర్డు మీద గాలి ఒత్తిడీ స్తంభం మందమూ వేసుకుని, స్లైడ్ రూల్ అటూ ఇటూ జరిపి, బొటనవేలు పైకెత్తి చూపించారు. "నీ గిన్నె ఈ గోరు వెడల్పంత జరుగుతుంది. రాసి పెట్టుకో."

కంప్యూటర్ సెంటర్ అంటే ఆ రోజుల్లో అద్దాల గది. బయట మే నెల వడగాలి, అక్కడివాళ్లు లూ అనేది, వీస్తుంటే లోపల స్వెట్టర్ వేసుకునేంత చలి. యంత్రం దగ్గరికి మనల్ని రానిచ్చేవారు కారు. అట్ట కార్డుల మీద మనకు కావలసినవి చిల్లులుగా కొట్టించి, కట్టగా రబ్బరు బ్యాండు వేసి, కిటికీలో ఇచ్చి రావాలి. కిటికీ దగ్గరి భయ్యా "షామ్ కో ఆనా" అనేవాడు. సాయంత్రం వెళ్తే జవాబులు అచ్చయిన పొడుగు కాగితం మడతలు మడతలుగా చేతికొచ్చేది.

నా ప్రోగ్రామ్ అంతా ఆ రొటీన్‌కు మాత్రికను తయారుచేసి ఇవ్వడానికే. రొటీన్‌ను పిలిచేది మాత్రం ఒకే ఒక్క కార్డు. చలికాలమంతా నేను చేసిన పని ఆ ఒక్క కార్డులో ఇమిడిపోయిందంటే నమ్మబుద్ధి కాలేదు.

సాయంత్రం ఇద్దరం వెళ్లాం. కాగితం తీసుకుని మెట్ల మీదే విప్పాను. రొటీన్ తప్పేమీ లేదని రాసింది. జవాబుల్లో గిన్నె ఉన్న వరస వెతికి, అంకె పక్కన ఉన్న సున్నాలన్నీ పోగేసి చదివాను. మళ్లీ చదివాను.

"ఎంత జరిగిందే?" అంది నా స్నేహితురాలు.

"మీటర్లలో కదా... అరవై కిలోమీటర్ల దాకా వస్తోంది."

"ఎటు దిక్కు?"

"గాలి పడమటి నుంచి. అంటే తూర్పుకి."

ఆమె వేళ్ల మీద ఊళ్లు లెక్కపెట్టింది. "తూర్పుకంటే గాజియాబాద్ ఎప్పుడో దాటిపోయినట్టే. హాపూర్ చేరింది నీ ట్యాంకు. ఆడ అప్పడాలు మంచిగుంటయ్, తిననీకి పోయినట్టుంది."

ఇక మాకు నవ్వు ఆగలేదు. నీళ్లు నిండిన ట్యాంకు స్తంభాలతో సహా గాజియాబాద్ రైల్వే గేటు దగ్గర నిలబడి, గేటు ఎప్పుడు తీస్తారా అని ఎదురుచూస్తున్నట్టు కళ్లముందు కనిపించింది. మెట్ల మీద కూర్చుండిపోయాం. కిటికీ భయ్యా కంగారుగా బయటికొచ్చి "క్యా హువా దీదీ?" అన్నాడు.

"టంకీ భాగ్ గయీ, భయ్యా," ట్యాంకు పారిపోయిందని చెప్పింది ఆమె కళ్లు తుడుచుకుంటూ. అతనికేం అర్థమైందో గానీ అతనూ నవ్వాడు. ఆ రాత్రి హాస్టల్ భోజనాల్లో అప్పడం వడ్డించేసరికి నాకు మళ్లీ పొలమారింది.

మర్నాడు గైడు గదికి వెళ్లేటప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఆయన కళ్లజోడు పెట్టుకుని అంకె మీద వేలు ఉంచి చాలాసేపు చూశారు. నేను గొంతు తగ్గించి "హాపూర్, సర్," అన్నాను. ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఆయన నవ్వగా మా డిపార్ట్‌మెంటులో ఎవరూ చూసి ఉండరు. పక్క గదిలోంచి ఇద్దరు లెక్చరర్లు వచ్చి తొంగిచూశారు.

"మిషన్ తప్పు లేదు, బేటీ," అన్నారు తేరుకున్నాక. "నువ్వు చెప్పిందే అది లెక్క కట్టింది. కాళ్లు నేలను పట్టుకున్నాయని దానికి చెప్పావా?"

చెప్పాననే అనుకున్నాను. గదికొచ్చి కార్డులన్నీ మంచం మీద పరిచి వెతికితే దొరికింది. స్తంభాల అడుగులు నేలకు బిగించి ఉన్నాయని చెప్పే కార్డులో అంకెలన్నీ ఒక గడి పక్కకు పడ్డాయి. యంత్రం అక్కడ ఖాళీ గడి చదువుకుని, కాళ్లు ఊరికే నేల మీద ఆని ఉన్నాయనుకుంది.

"మరి రొటీన్ అడ్డం చెప్పాలి కదే," అన్నాను. "అలాంటి మాత్రికకు జవాబే ఉండదు. ఎక్కడో సున్నాతో భాగించాల్సి వస్తుంది."

"సున్నా వస్తే చెప్పేదే. మిషన్ ప్రతి అంకెనూ చివర కొంచెం కోస్తది. అట్ల కోయంగ కోయంగ సున్నా రావాల్సిన కాడ ఒక నలుసు మిగిలింది. పాపం, దాంతోనే భాగించింది. నలుసుతో భాగిస్తే హాపూర్ గాకపోతే ఏమొస్తది?"

ఆ ఒక్క కార్డూ మళ్లీ కొట్టించి కట్ట ఇచ్చి వచ్చాను. ఈసారి కాగితాన్ని మెట్ల మీద విప్పే ధైర్యం లేక తిన్నగా గైడు గదికి తీసుకెళ్లాం. ఆయనే విప్పారు. వరస వెతికి, స్కేలు తీసి మిల్లీమీటర్లు కొలిచి, దాని పక్కన బొటనవేలు పెట్టారు. గోరు కంటే రవ్వంత తక్కువ. నా స్నేహితురాలు నా చెయ్యి గిల్లింది. నాకైతే ఆ గదిలోనే గంతులు వెయ్యాలనిపించింది. అన్ని చోట్లూ, అన్ని సమీకరణాలూ, అన్నీ ఒకదాని మాట ఒకటి విని ఒక్క గోరంత దగ్గర ఒప్పుకున్నాయి.

"సరే," అన్నారాయన. "జవాబులతో నీ మాత్రికను గుణించు. నీ గాలి నీకు తిరిగి రావాలి."

గుణించే కార్డులు కూడా చేర్చి కట్ట మళ్లీ ఇచ్చాను. గాలి తిరిగి రాలేదు. ఏవో పిచ్చి అంకెలు వచ్చాయి. నా స్నేహితురాలు నెత్తి కొట్టుకుంది. రొటీన్ తన లెక్కంతా మనమిచ్చిన మాత్రిక మీదే చేసి, దాన్ని చెరిపేస్తుందట. ముందే నకలు తీసి దాచుకోవాలని చెప్పడం ఆమె మర్చిపోయింది. నకలు దాచి మళ్లీ నడిపించాం. పెట్టిన గాలి పెట్టినట్టే తిరిగొచ్చింది, చివరి అంకెల్లో మాత్రం కాస్త తేడా. గైడు పెట్టిన గాలి, తిరిగొచ్చిన గాలి, ఆ రెండు నిలువు వరసలనూ పెన్సిలుతో ఒక్కొక్కటే సరిచూసుకుంటూ పోయారు. చివరికి వచ్చాక పెన్సిలు కింద పెట్టలేదు.

"ఇంతకంటే పెద్దదైనా చేస్తుందా?" అని అడిగారు.

సోమవారం ఆయన మమ్మల్ని పిలిపించారు. బల్ల మీద కొత్తగా రాసిన సమీకరణాలు పరిచి ఉన్నాయి. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సభామందిరానికి ఇనుప కడ్డీలతో గుమ్మటం వెయ్యాలనుకున్నారట. నలుగురు ఇంజనీర్లు వానాకాలమంతా కూర్చున్నా ఆ సమీకరణాలు సగం కూడా తెమల్లేదు. లెక్క తేలని గుమ్మటం కట్టడానికి వీల్లేదని పైవాళ్లు అన్నారు. చివరికి అక్కడ మామూలు రేకుల కప్పు వేసేశారు.

కార్డులు మేం కొట్టించుకొస్తామంటే ఆయన వినలేదు. కొట్టే యంత్రం ముందు తానే కూర్చుని, ఒక్కొక్క మీట వెతుక్కుంటూ ఒకే వేలితో కొట్టారు. కాళ్లు నేలను పట్టుకున్నాయని చెప్పే కార్డును మాత్రం వెలుతురుకు ఎత్తి గడులు చూసుకుని మాకూ చూపించారు. కట్ట ఇచ్చాక సాయంత్రం రమ్మన్నా కదల్లేదు. కిటికీ ఎదురుగా బెంచీ మీద కూర్చుని అరటిపండు తిన్నారు. భయ్యాకు జాలేసినట్టుంది, జవాబుల కాగితం మధ్యాహ్నమే తెచ్చి ఇచ్చాడు.

ఆయన నేరుగా జవాబు చూడలేదు. గుమ్మటం అన్ని వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఎదురెదురు చోట్ల అంకెలు సమానంగా రావాలి. నన్ను ఒక వైపువి చదవమని, తాను రెండో వైపువి చదివారు. నేనొకటి చదివితే ఆయన అదే చదివేవారు. చదువుతూ చదువుతూ ఇద్దరం గొంతు పెంచాం. కారిడార్లో జనం ఆగి చూస్తున్నారు. అన్నీ సరిపోయాయి. అప్పుడు కడ్డీల్లో అన్నిటికంటే ఎక్కువ బరువు మోసేదాన్ని వెతికి, స్లైడ్ రూల్ తీసి కాసేపు లెక్క వేశారు.

"నిలబడేది," అన్నారు. తర్వాత మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "నిలబడి ఉండేది, బేటీ. హాయిగా నిలబడి ఉండేది."

ఆయన ముఖంలో బాధ కోసం వెతికాను. కనపడలేదు. బయట లూ ఈడ్చి కొడుతుంటే గొడుగు కూడా తెరవకుండా మాకంటే ముందు నడుస్తూ గేటు అవతలి మిఠాయి కొట్టుకు తీసుకెళ్లారు. వేడి జిలేబీ తెప్పించి, మేం వద్దంటున్నా మళ్లీ తెప్పించారు. నా స్నేహితురాలు వేళ్లకంటిన పాకం నాకుతూ, ఆ రొటీన్ లోపల ఏం చేస్తుందో ఆయనకు బల్ల మీద నీళ్లతో గీసి చెబుతోంది. ఆయన తల ఊపుతూ విన్నారు. జిలేబీ ఇంకా నోట్లో ఉండగానే, "సాయంత్రం ఆ కిటికీ ఎంతసేపు తెరిచి ఉంటుంది?" అని అడిగారు.