చెక్క తుపాకీ బరువు

పక్కింట్లో దొంగలు పడ్డాక నాకూ తుపాకీ కొనాలన్న పిచ్చి పట్టింది. లైసెన్సు వస్తుందో రాదో తెలియకుండానే, కోడంబాక్కంలో ఎక్కిన లోకల్ రైల్లో కూర్చుని ఫోనులో చవక తుపాకుల ధరలు చూస్తున్నాను.

పాత చీరలో చుట్టిన పొడుగాటి వస్తువుతో పక్కన కూర్చున్న ముసలాయన ఫోనులోకి తొంగిచూశాడు.

"తుపాకి కొంటా ఉండారా సార్?"

"ఇంటి కాపలాకి. తక్కువలో ఏదైనా."

ఆయన చీర కాస్త తొలగించి, రెండు గొట్టాల తుపాకీ నా చేతుల్లో పెట్టాడు. ఉలిక్కిపడ్డాను. అది పసిపిల్లల దిండంత తేలిగ్గా ఉంది.

"చెక్కే సార్, పైన రంగు. షూటింగులకి నేనే చేస్తా. తేలిగ్గా ఉండాదని యాక్టర్లు ఊపేస్తారు. అందుకే, ఎవుర్ని కాల్చాలో ఆ మొహం తలుచుకోమంటా. చెయ్యి దానంతట అదే బరువెక్కతాది. సుమ్మా, ఊరికే మీరూ తలుచుకోండి."

కళ్ళు మూసుకున్నాను. రైలు ఊగుతోంది. కిటికీ ఎండ రెప్పల మీద ఎర్రగా పాకుతోంది. దొంగ మొహం నేనెప్పుడూ చూడలేదు. మాధవరంలో మా ఇంటి గేటు కనిపించింది. తెల్లవారుజాము మసక చీకట్లో అక్కడ ఎవరో వంగి ఉన్నారు; పాల ప్యాకెట్లు పెట్టి లేస్తూ నా వైపు చూసింది, రోజూ పాలు వేసే ఆవిడ.

నా చేతులు కిందికి దిగిపోయాయి.

"వచ్చింది కదా బరువు," అంటూ ఆయన తుపాకీని మళ్ళీ చీరలో చుట్టుకుని నుంగంబాక్కంలో దిగిపోయాడు.

తుపాకీ కొనలేదు. ఇప్పుడు రోజూ పాలవేళకు ముందే లేచి వరండా లైటు వేస్తున్నాను.

"ఇంత పొద్దున్నే ఎందుకు లేస్తా ఉండారు సార్?" అంటుంది ఆవిడ.

గేటు దాకా వెళ్ళి ప్యాకెట్లు ఆవిడ చేతి నుంచే అందుకుంటాను.