గుడ్డలుతికే బండ కింద వీరుడు

పెనుకొండలో డిగ్రీ ఆఖరి ఏడు చదివే రోజుల్లో నాకు చరిత్ర మీద పెద్ద ప్రేమేమీ లేదు. లెక్కలుండవన్న ఒకే కారణంతో ఆ సబ్జెక్టు తీసుకున్నాను (ఆ మాట ఇంట్లో చెప్పలేదు, నాకు చిన్నప్పట్నుంచీ రాజులంటే ఇష్టమని మా నాయన ఇప్పటికీ నమ్ముతాడు). నాలుగు పుస్తకాలు ముందేసుకుని, పెనుకొండ చుట్టూ యుద్ధాలు జరిగిన తావుల మీద ముప్పై పేజీల ప్రాజెక్టు రాసి పారేశాను. దాని మీద మా చరిత్ర సారు సంతకం పడాలి, లేకుంటే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆయన్ని మేమంతా చాటుగా కోటసారు అనేవాళ్లం. బక్కపల్చని మనిషి, రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉంది, ఒక మాట అన్నారంటే ఇక కదలరు. నా పేజీలన్నీ తిప్పి చూసి, ఇందులో నువ్వు కళ్లతో చూసిన తావు ఒక్కటైనా ఉందా అని అడిగారు. లేదన్నాను. అయితే ఆదివారం పొద్దున్నే సైకిలు తీసుకుని రమ్మన్నారు, అన్నీ చూసినాకే సంతకమట. బస్సులో పోదామా సార్ అంటే, సైన్యాలు బస్సుల్లో రాలేదన్నారు.

ఏప్రిల్ నెల. మా చెల్లెలి సైకిలు అడుక్కుని పోయాను. మొదటి తావు కొండ కింద. శత్రువులు ఇక్కడే డేరాలు వేసుంటారని సారు చెయ్యి చాచి చూపించారు. నాకు తుమ్మకంపలు, మేకలు తప్ప ఏమీ కనపడలేదు. ఆ కంపల ముల్లే నా టైరులో దిగింది. పంక్చరు వేయించుకుని రెండో తావుకు పోతే అది ఎండిపోయిన చెరువు. గుర్రాలు ఎటునుంచి దిగాయో, ఎటు తిరిగాయో చూపించడానికి సారు నెర్రెలిచ్చిన ఆ మట్టిలో అరగంట అటూ ఇటూ నడిచారు. వెనక నేనూ నడిచాను, గుర్రం కంటే కష్టంగా. మూడో తావులో సగం పూడుకుపోయిన రాయి ఒకటి కనపడగానే ఆయన సైకిలు అట్లే పడేసి మోకాళ్ల మీద కూర్చున్నారు. అక్షరాలున్నాయి, మెల్లగా తుడువమన్నారు. నా చున్నీతోనే తుడిచాను. కాసేపటికి పసుప్పచ్చ రంగులో తేలింది: ప్లాట్ నంబరు పద్నాలుగు. సారు నవ్వలేదు. సంతకం గుర్తుకొచ్చి నేనూ నవ్వలేదు.

మిట్టమధ్యాహ్నానికి నా ఓపిక అయిపోయింది. ఇంకొక్కటే ఉందన్నారు సారు. సోమందేపల్లె దారిలో ఒక పల్లెలో, చిన్నప్పుడెప్పుడో ఆయన ఒక వీరగల్లు చూశారట, అంటే పోరులో చచ్చిన వీరుడి బొమ్మ చెక్కి నిలబెట్టిన రాయి. ఆ పల్లెలో ఎవర్ని అడిగినా తెలీదన్నారు. తిరిగి తిరిగి చివరికి ఒక ఇంటి ముందు సారు ఆగిపోయారు. ఒకామె కొళాయి పక్కన గుడ్డలుతుకుతోంది. ఆమె ఉతికే బండ అంచున తీగ చెక్కి ఉంది. అదే ఆ రాయని, బొమ్మ అడుగువైపు ఉంటుందని, దాన్ని తిప్పనియ్యమని సారు చేతులు జోడించి అడిగారు. ఆమె చీర పిండుతూనే మమ్మల్ని కిందికీ మీదికీ చూసింది.

"ఏమప్పా, మీ యుద్ధం ఎప్పుడో అయిపాయ. నా గుడ్డలు ఇంకా అయిపోలా. నాలుగు దినాలకొకసారి నీళ్లొస్తాయి. ఈ బండ తీస్తే నేను యాడ ఉతకల్ల? ఇంకో బండ తెచ్చియ్యండి, అప్పుడు మాట్లాడదాం."

న్యాయమే అన్నారు సారు. (నాకు ఆ న్యాయం అస్సలు నచ్చలేదు.) సోమందేపల్లెకు పోయి తాడిపత్రి నాపరాయి ఒకటి కొన్నారు. ఆయన సైకిలుకు క్యారియరు లేదు కాబట్టి దాన్ని నా సైకిలు వెనక తాళ్లతో కట్టారు. హైవే పక్కన నేను హ్యాండిలు పట్టుకుని, ఆయన ఒక చేత్తో తన సైకిలు, ఇంకో చేత్తో బండ పట్టుకుని తోసుకుంటూ వస్తుంటే లారీలవాళ్లు తలలు బయటపెట్టి చూసిపోయారు. పల్లె కనపడే దూరానికి వచ్చామో లేదో, తాడు జారింది. బండ కిందపడి రెండు ముక్కలైంది.

నేను రోడ్డు పక్కన కూలబడి ఏడ్చేశాను. పొద్దుటినుంచి మింగిందంతా బయటికొచ్చింది. "నాకు సంతకమూ వద్దు, డిగ్రీ వద్దు సార్. ఎవడో ఎప్పుడో సచ్చినాడని నేనీడ సావల్లనా?" అన్నాను. సారు సంచిలోంచి నా ప్రాజెక్టు తీసి, పగిలిన ముక్క మీదనే పెట్టి సంతకం చేసి నా చేతికిచ్చారు.

"ఇంటికి పో పాపా. ఎండ ఎక్కువైంది. నేను పోయి ఇంకోటి తెస్తా."

అని సైకిలు వెనక్కి తిప్పుకుని పోయారు. కావలసింది చేతికొచ్చింది, ఇల్లు ఒకవైపు, ఆయన ఒకవైపు. క్యారియరు లేని సైకిలు మీద ఆ మనిషి బండనెట్లా తెస్తాడు? ఆయన్ని, ఆయన రాజుల్ని, లెక్కలకు భయపడిన నన్ను అందర్నీ కలిపి తిట్టుకుంటూ నేనూ ఆయన వెనకే తొక్కాను.

రెండో బండ పగలకుండా చేరేసరికి ఆమె ఉతుకుడు ముగించి, మాకు రొట్టె, మజ్జిగ పెట్టింది. నలుగురు మగవాళ్లు గడ్డపారలతో పాత బండను తిప్పారు. మట్టిలో బోర్లా పడుకున్నందుకేమో, బొమ్మ నిన్న చెక్కినట్టుంది. ఒక చేత కత్తి, ఒక చేత డాలు, కోరమీసం. ఆమె చాలాసేపు చూసి, ఎవరు సామీ ఈయప్ప అని అడిగింది. పొద్దుటినుంచి నోరు మూయని సారు ఆ ఒక్క ప్రశ్నకు తడబడ్డారు.

"తెలీదు తల్లీ. పేరు రాయలా. పోరులో సచ్చినాడు, అంతవరకే తెలుస్తాది."

ఇన్నేండ్లూ ఈయప్ప ఈపు మీద ఉతికినానా అని గొణుక్కుంటూ ఆమె, పట్టిపెట్టుకున్న నీళ్లలోంచి ఒక బిందె తెచ్చి అతని మొహం మీది మట్టి కడిగింది. నాలుగు దినాలకు పట్టుకున్న నీళ్లవి. సారు తల పక్కకు తిప్పుకున్నారు. ఆయనను చూడకుండా నేను సైకిలు చైను సర్దుకుంటున్నట్టు నటించాను.

ఇప్పుడు నేనే ఒక కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. పోయిన ఏడు ఆ దారిన పెళ్లికి పోతూ కారు ఆపించి, పట్టుచీరతో ఆ ఇంటి ముందు దిగాను. రాయి గోడకానించి నిలబడి ఉంది, పసుపు, కుంకుమ, బంతిపూలు. ఆ ఇంటి కోడలట, చంకలో బిడ్డతో వచ్చి నాకు వివరంగా చెప్పింది: ఈయన పేరు బండతాత, వాళ్లింటాయన తాతలకు తాత, ఊరి బాయి కోసం ఒక్కడే వందమందితో కొట్లాడి సచ్చినాడు. ఒక్క ముక్క నిజం కాదు. శాసనమేదీ, ఆధారమేదీ అని అడగడానికి నోరు తెరిచాను కూడా. వెనక మా ఆయన ముహూర్తం దాటిపోతోందని హారను కొడుతున్నాడు. పరీక్ష పేపర్లో ఏ చిన్న తప్పు కనపడినా మార్కు కోసే నేను, తెరిచిన నోరు మూసుకుని బండతాతకు దండం పెట్టి కారెక్కాను. కోటసారు బతికుంటే ఆ పిల్లకూ నాకూ కలిపి సున్నా వేసేవారు.