అమ్మ తిట్టిన గొంతు

ఇప్పుడు నేను గూడ్సు బండి డ్రైవర్ని. ఏక్‌బాల్‌పూర్‌లో తెలుగువాళ్ల వీధిలో పెరిగాను. "ఏటే ఆ అరుపులు? ఆడపిల్లవి కాదేటి?" అని అమ్మ తిట్టని రోజు లేదు.

అసిస్టెంట్ డ్రైవర్‌గా చేరిన కొత్త. సిగ్నల్ కనబడగానే డ్రైవరూ అసిస్టెంటూ దాని రంగు పైకి చెప్పుకోవాలి. ఆ పొద్దున దట్టమైన మంచు. తనకి ఆడపిల్లని జత చేశారేమిటని సణిగే బెంగాలీ డ్రైవర్ దాదా, పక్క లైను సిగ్నల్ చూసి "గ్రీన్" అన్నారు. మాది ఎరుపు!

"రెడ్! దాదా, రెడ్!" ఇంజను అదిరిపోయేలా అరిచాను. ఆయన బ్రేకు వేశారు. బండి సరిగ్గా సిగ్నల్ ముందు ఆగింది. "ఆ గొంతు ఎప్పుడూ తగ్గించకు, మా" అన్నారాయన, కూతుర్ని పిలిచినట్టు.

ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. గుమ్మంలోకి పరుగెత్తి, "మా పిల్ల అరుపుకి రైలాగిపోనాదర్రా!" అని వీధంతా వినబడేలా అరిచింది.

నా గొంతు ఎక్కడిదో అప్పుడు తెలిసింది.