దీపం పక్కన ఉపగ్రహం

చదువు మనిషికి ఎంత హాని చేయగలదో మీకింకా అనుమానంగా ఉంటే, రెండేళ్ల కిందట తాండూరులో నేను చేసిన ఘనకార్యం వినండి.

పాప పుట్టాక దొరకబోతున్న మొదటి ఉద్యోగం. అక్కడి ఒక కాలేజీలో, సైన్సు దినం సభలో ఫిజిక్స్ పాఠం చెప్పి మెప్పిస్తే, లెక్చరర్‌గా తీసుకుంటారు. వికారాబాద్‌లో రైలెక్కింది మొదలు ఇంటికి ఫోన్లే.

"పాలు తాగిందా అత్తమ్మా?"

"తాగింది. ఫికర్ చెయ్యకు బిడ్డా, నీ ఉపగ్రహం సంగతి చూస్కో."

నా ఉపగ్రహమంటే సన్నగా చీల్చిన ప్లాస్టిక్ తాడు. పాప ఉన్ని టోపీతో రుద్దితే చార్జి ఎక్కి, పోగులన్నీ గిట్టని తోడికోడళ్లలా దూరం జరుగుతాయి. ఇంట్లో పదిసార్లు జరిగాయి.

"అంతరిక్షంలో ఉపగ్రహం మీద ఇలాగే చార్జి పేరుకుంటుంది" అని సభలో పాఠం మొదలుపెట్టాను. "హద్దు దాటితే నిప్పురవ్వ లేచి యంత్రాలు పాడవుతాయి. అందుకే విద్యుత్ కణాల వాయువును, అంటే ప్లాస్మాను, చిన్న గొట్టంలోంచి వదులుతారు. చార్జి సర్దుకుంటుంది. మంట కూడా కొంత ఆ పనే చేస్తుంది. ఇప్పుడు కొవ్వొత్తి దగ్గర పెడితే పోగులు వాలిపోతాయి!"

వాలడానికి ముందు లేవాలి కదా! రుద్దాను. ఫ్యాన్లు ఆపించి రుద్దాను. టోపీ బొచ్చు రాలింది గానీ పోగులు తడిసిన కోడితోకలా వేలాడాయి.

"ఏం మేడం, మీ ఉపగ్రహం లేస్తలేదా?" అన్నారు కరస్పాండెంట్ సారు.

"గాలిలో తేమ సార్!" అన్నాను, ఫిబ్రవరి ఎండకు పగిలిన పెదాలతో.

ముందు వరసలో ఒకమ్మాయి లేచింది. "మేడం, మంట ఉంటే చార్జి పోతదంటిరి. మరి గా దీపం మీ మోచేతి కాడనే ఉన్నది గద?"

సభ మొదట్లో సారు స్వయంగా వెలిగించిన దీపం. ఐదు వత్తులు. అరగంటగా నా ప్రయోగాన్ని నాకన్నా శ్రద్ధగా చేస్తోంది.

దీపాన్ని జరపొచ్చు. నేనే జరగొచ్చు. ఎమ్మెస్సీ చదివినదాన్ని కాబట్టి రెండూ తోచలేదు. ఒంగి, ఉఫ్ఫున ఊదేశాను.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నేను దీపం ఆర్పి ఉద్యోగం చక్కబెట్టుకోబోయాను. టోపీతో రుద్దగానే పోగులు లేచి నిలబడ్డాయి. సారు కనుబొమలు కూడా.

"ఎన్నో ఏండ్ల సంది వెలిగిస్తున్న ఈ దీపం" అన్నారాయన మెల్లగా. "ఊదెటోళ్లను ఇయ్యాలనే చూసిన. అగ్గిపెట్టె ఉన్నదా?"

ఇచ్చాను. ఆయన మూడో వత్తి వెలిగించేసరికి పోగులన్నీ తలలు వాల్చేశాయి. హాలంతా చప్పట్లు. ప్రయోగం దిగ్విజయం, చేసింది సారు!

"మాకు సమజైంది. సోమారం సంది రాండ్రి" అన్నారు. "కని దీపం దిక్కు మాత్రం రాకుండ్రి."

పాప మీద ఒట్టు వేయడానికి భయం. అందుకని ఆ ఉన్ని టోపీ మీద ఒట్టు: ఈ జన్మలో దీపం ఊదను. రేపు పాప పుట్టినరోజు. కొవ్వొత్తి దానంతటదే కొండెక్కేదాకా కేకు కొయ్యడం లేదు.