పట్టాలు లేని రైలుకట్ట

"డొంకదారిలోనే పోదాం అత్తా. వాగు దాటితే ఇల్లేగా!"

"నోర్ముయ్యవే! డొంకలోకి వాగు పొంగింది, కనబడట్లా? ఇటు రా."

"అటు దారే లేదు. నేను రాను."

"రాకపోతే ఇక్కడే చస్తావా?"

నా చిన్నప్పుడు, తుపాను ముంచుకొచ్చిన ఒక మధ్యాహ్నం, పత్తి చేలో మా మేనత్తకూ నాకూ జరిగిన గొడవ ఇది. నాకు తొమ్మిదేళ్లు. ఆ ఏడే బడి మానిపించి పత్తితీతకు పంపారు. మిగతా కూలీలు మబ్బు చూసి ముందే వెళ్లిపోయారు. పట్టిన సాలు సగంలో వదలడం ఇష్టంలేక మేమిద్దరమే ఉండిపోయాం.

ఒడిలో కట్టుకున్న పత్తి తడిసి నన్ను కిందికి లాగుతోంది. నల్లరేగడిలో అడుగు వేస్తే మోకాటిదాకా దిగిపోయేది, లాగితే వచ్చేది కాదు. వాగు చప్పుడు దగ్గరవుతోంది. భయానికి ఏడుపు కూడా రాలేదు. అత్త వచ్చి నా ఒడిముడి విప్పేసింది. పొద్దుటినుంచి తీసిందంతా బురదపాలు. ఏరుకోబోతే వీపు మీద ఒకటి వేసింది.

తర్వాత నా గడ్డం పట్టుకుని చేనువైపు తిప్పింది. "మొక్క గిడసబారింది ఎక్కడో చూడు. అక్కడ నడువు."

ఏపుగా పెరిగిన పత్తి మధ్యలో, మోకాలెత్తు దాటని మొక్కల పట్టె ఒకటి గీత గీసినట్టు వాగువైపు పోతోంది. ఎరువు చాల్లేదేమో అనుకునేదాన్ని రోజూ. అది పాత రైలుదారి. పట్టాలు ఎప్పుడో పీక్కుపోయారు, కట్టను రైతులు దున్ని చేలో కలిపేసుకున్నారు. మట్టి కింద కంకర మాత్రం పోలేదు. మా తాతయ్య మోసిన కంకరేనట. వేరు దిగని చోట కాలూ దిగదని అత్త చెప్పింది.

అడుగు పెట్టాను. అరికాలికి రాయి గుచ్చుకుంది. ఆ నొప్పికి ప్రాణం లేచొచ్చింది. వాగు దగ్గర కట్ట ఇంకా మిగిలే ఉంది, దాని కింద రాతి కమాను. పైన నడుస్తుంటే నీళ్లు కొట్టే దెబ్బలు కాళ్లకు తెలిసేవి. అవతలి ఒడ్డు చేరేదాకా అత్త నా చెయ్యి వదల్లేదు. కానీ అడుగడుక్కీ దేవుడికి మొక్కుకుంటూనే ఉంది. పెద్దవాళ్లకు భయం ఉండదని అంతవరకూ నా నమ్మకం.

ఇప్పటికీ ఏ చేను గట్టున నిలబడ్డా నా చూపు ముందు ఎదగని మొక్కల మీదికే పోతుంది. మనవరాళ్లు విసుక్కున్నా సరే, వాళ్ల గడ్డాలు పట్టుకుని చూపిస్తాను.

ఆ తుపాను మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. డొంక తెగిపోయి ఉంది. పడిపోయిన పత్తి ఏరడానికి బయల్దేరిన కూలీలు వాగు ఒడ్డున ఆగిపోయారు. అత్త నన్ను ముందుకు నెట్టి, "పోవే" అంది. అరికాలితో రాయిని తడుముకుంటూ కట్ట ఎక్కాను. వాళ్లంతా నా అడుగుల్లో అడుగులేసుకుంటూ వెనకాల వచ్చారు.